పళ్లకు గార తీసే ముందు ఒక నిమిషం పుక్కిలింత: నల్లజర్ల మండల ప్రజల వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
తూర్పు గోదావరి జిల్లా, రాజమహేంద్రవరం.

ద్వారా: ప్రజా సమస్యల పరిష్కార వేదిక

ప్రతులు: జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి, జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి గారికి.

విషయం: దంతవైద్యశాలల్లో స్కేలింగు (పళ్ల గార తీయడం) చేసే ప్రతిసారీ, పని మొదలుపెట్టే ముందు రోగి చేత క్రిమిసంహారక మందుతో పుక్కిలింపజేయడం తప్పనిసరి చేయాలనీ, అందుకు కావలసిన మందు, నీరు, గాలి, శిక్షణ ఏర్పాట్లు చేయాలనీ విన్నపం.



నల్లజర్ల, అనంతపల్లి, దూబచర్ల, పోతవరం, ప్రకాశరావుపాలెం, తెలికిచెర్ల గ్రామాల నుంచి మేము ఈ పత్రం సమర్పిస్తున్నాం. మాలో పళ్లకు వైద్యం చేయించుకున్నవాళ్లున్నారు. ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లున్నారు. దంతవైద్యశాలల్లో కుర్చీ పక్కన నిలబడి సక్షన్ పైపు పట్టుకునే సహాయకులూ ఉన్నారు. ఈ విన్నపం ముందుగా ఆ సహాయకుల నోటి నుంచే వచ్చింది. మిగతా వాళ్లం విన్నాం, చదివి తెలుసుకున్నాం, సంతకాలు పెట్టాం.

ముందే ఒక మాట మనవి చేస్తాం. ఇది ఏ వైద్యుడి మీదా, ఏ ఆసుపత్రి మీదా ఫిర్యాదు కాదు. ఎవరినీ శిక్షించమని గానీ, ఏ క్లినిక్కు తలుపులూ మూయించమని గానీ మేము అడగడం లేదు. పది మిల్లీలీటర్ల మందు, ఒక నిమిషం సమయం. ఈ రెండూ నేడు డాక్టరు గారి ఓపిక మీద, ఆ పూట రద్దీ మీద ఆధారపడి ఉన్నాయి. వాటిని నియమంగా మార్చమని అడుగుతున్నాం.

ఇందుకు కారణం స్కేలింగు జరిగే తీరులోనే ఉంది. పూర్వం గారను చేతి పరికరంతో గీకేవారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల అల్ట్రాసోనిక్ స్కేలర్ వాడుతున్నారు. దాని కొన సెకనుకు సుమారు పాతిక వేల సార్లు, అంతకంటే ఎక్కువ కూడా, కంపిస్తుంది. ఆ రాపిడి వేడికి పన్ను దెబ్బతినకుండా కొన మీదుగా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఆ నీళ్లు నోట్లోని ఉమ్మితో, పాచితో, చిగుళ్ల నుంచి కారే నెత్తురుతో కలిసి సన్నని మంచులా పైకి లేస్తాయి. పెద్ద చుక్కలు రోగి ఛాతీ మీద, డాక్టరు కళ్లజోడు మీద పడతాయి. అవి కనిపిస్తాయి కాబట్టి తుడుచుకుంటారు. యాభై మైక్రాన్ల కంటే చిన్న తుంపరలు కంటికి ఆనవు. అవి కింద పడకుండా గాలిలో తేలుతూ ఉంటాయి. వాటిలో బాగా సన్నవి, అంటే పది మైక్రాన్ల లోపువి, ఊపిరితో లోపలికి పోగలవు. పని ముగిసి రోగి లేచి వెళ్లిపోయాక కూడా అవి అరగంట దాకా గదిలో ఉండగలవని ఈ విషయాన్ని శోధించినవారు రాశారు. ఆ అరగంటలో అదే కుర్చీలో ఇంకొకరు నోరు తెరిచి కూర్చుంటారు.

మాలో ఒక సహాయకురాలు చెప్పిన సంగతి ఇక్కడ రాయడం అవసరమనుకుంటున్నాం. ఆమె ఒక క్లినిక్కులో పనిచేస్తున్నప్పుడు సాయంత్రం తలుపులు వేసే ముందు కుర్చీ పైన ఉండే లైటు గాజును తడిగుడ్డతో తుడిచేది. పన్ను పీకడాలూ పూడ్చడాలూ ఉన్న రోజున గుడ్డకు దుమ్మే అంటేది. స్కేలింగులు ఎక్కువైన రోజున మాత్రం తెల్ల గుడ్డకు లేత గులాబీ రంగు అంటేది. ఆ గాజు రోగి నోటికి మూరెడు ఎత్తున ఉంటుంది. దానికీ రోగికీ మధ్య ఆమె ముఖం ఉంటుంది. ‘గాజు అయితే తుడిచాను గానీ, నేను పీల్చినదాన్ని దేనితో తుడవను’ అని ఆమె అడిగిన ప్రశ్న దగ్గరే ఈ పత్రం మొదలైంది.

మనిషి నోట్లో ఏడు వందలకు పైగా జాతుల సూక్ష్మజీవులు ఉంటాయని శాస్త్రం చెబుతోంది. ఒక మిల్లీలీటరు ఉమ్మిలో వాటి లెక్క కోట్లలో ఉంటుంది. వాటిలో చాలావరకు మనకు హాని చేయనివే. అయితే మా దగ్గర స్కేలింగుకు ఎక్కువగా వచ్చేది చిగుళ్ల జబ్బు ముదిరి, గార గట్టిపడినవారే. అంటే చాలాసార్లు నోట్లో క్రిములు ఎక్కువగా ఉన్నప్పుడే ఆ యంత్రం లోపలికి వెళుతుంది. మా మెట్ట ప్రాంతంలో పొగాకు పండిస్తారు. చుట్ట, ఖైనీ అలవాటున్న పెద్దవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లేది చిగుళ్లు వాచి, పళ్లు కదిలాకే.

కాబట్టి గాలిలోకి లేచే తుంపరను పూర్తిగా ఆపలేకపోయినా, అందులోని క్రిములను ముందే తగ్గించవచ్చు కదా అన్న ఆలోచన కొత్తది కాదు. రోగి ముందుగా నోరు శుభ్రం చేసుకుంటే తుంపరలో క్రిములు ఎంత తగ్గుతాయో కొలిచిన పరిశోధన 1971లోనే అమెరికాలో అచ్చయింది. క్లోర్‌హెక్సిడిన్ అనే మందును ఇంగ్లండులో 1950లలో తయారుచేశారు. 1970లో డెన్మార్కులో జరిగిన పరిశోధన, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పది మిల్లీలీటర్లతో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పళ్ల మీద పాచి పట్టడం ఆగుతుందని చూపింది. ఆ మందు నోటి లోపలి పొరలను అంటిపెట్టుకుని కొన్ని గంటలపాటు పనిచేస్తుంది, అదే దాని బలం. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో, సుగంధ తైలాలతో చేసిన మౌత్‌వాష్‌తో ముందుగా పుక్కిలించినవారి దగ్గర, పుక్కిలించని వారితో పోలిస్తే తుంపరలో బతికున్న బ్యాక్టీరియా 94 శాతం తక్కువగా తేలింది. అన్ని పరిశోధనల్లోనూ అంత తగ్గలేదు. 2019లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో అచ్చయిన సమీక్ష పలు పరిశోధనలను కలిపి చూసి, సగటు తగ్గుదల సుమారు 65 శాతమని లెక్కగట్టింది. మేము ఆశ పెట్టుకున్నది 94 మీద కాదు, 65 మీద. మూడు వంతుల్లో రెండు వంతులు తగ్గడం చిన్న విషయం కాదు.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. క్లోర్‌హెక్సిడిన్‌ను కాస్త వేడిచేసి ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుందా అని పరీక్షించిన వ్యాసం 2012లో భారతీయ పీరియాడాంటాలజీ సొసైటీ పత్రికలో వచ్చింది. పనిచేస్తుందనే తేలింది. కొవిడ్ కాలంలో, 2020 మేలో, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దంతవైద్యులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో చికిత్సకు ముందు పుక్కిలింపజేయమని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ, 0.2 శాతం పొవిడోన్ అయొడిన్ గానీ ఇచ్చి ఇరవై సెకన్లు పుక్కిలింపజేయమని సూచించింది. ఆ రోజుల్లో మేము వెళ్లిన చోట్ల ఇది జరిగేది. గుమ్మం దగ్గరే చిన్న కప్పు చేతికిచ్చేవారు. కొవిడ్ తగ్గింది, కప్పు కనిపించకుండా పోయింది. నోట్లోని బ్యాక్టీరియా మాత్రం కొవిడ్‌తో వచ్చినవి కావు, కొవిడ్‌తో పోయినవీ కావు.

దీనికున్న హద్దులను కూడా తమ ముందు దాచకుండా పెడుతున్నాం. ఇలా పుక్కిలించడం వల్ల ఫలానా జబ్బు ఇంతమందికి రాకుండా ఆగిందని చూపిన పరిశోధన లేదు. కొలిచినవన్నీ గాలిలో, పళ్లెంలో దొరికిన క్రిముల లెక్కలే. 2022లో వచ్చిన కాక్రేన్ సమీక్ష ఈ మాటే చెప్పింది, ఆధారాల బలం తక్కువనీ చెప్పింది. అమెరికా రోగ నియంత్రణ సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ఒక్క విషయంలో ఔననీ కాదనీ అనకుండా వదిలేశాయి. పుక్కిలించిన మందు చిగురు లోపలి లోతైన సందుల్లోకి దిగదు. నెత్తురు తుంపరను ఆపదు. ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్నవారి దగ్గులో వచ్చే క్రిమిని అది ఏమీ చేయదు. ఇవన్నీ తెలిసే అడుగుతున్నాం. క్రిములు తగ్గుతాయన్నది తేలిన విషయం, ఖర్చు స్వల్పం, ఒకసారి వాడితే హాని దాదాపు లేదు. పూర్తి రుజువు వచ్చేదాకా ఆగితే ఈలోగా ఆ తుంపరను పీల్చేది మా సహాయకులు, మా ముసలివాళ్లు. ఆగడానికి అయ్యే ఖర్చును వాళ్ల పద్దులో రాయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఇక మా ఊరి పరిస్థితి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు పూర్వపు పశ్చిమ గోదావరిలోని మా మండలం తూర్పు గోదావరిలోకి వచ్చింది. కానీ మా కాళ్లకు తెలిసినవి పాత దారులే. పంటి నొప్పి వస్తే మాకు బస్సు దొరికేది తాడేపల్లిగూడేనికి. అది పశ్చిమ గోదావరి. పెద్ద పని పడితే ఏలూరు వెళతాం. అది వేరే జిల్లా. కొల్లేటి గట్టు ఊళ్లలో ఉన్న మా చుట్టాలు వెళ్లేదీ ఏలూరుకే, లేకపోతే భీమవరానికి. అంటే ఒకే కుటుంబంలోని వాళ్లు వేర్వేరు జిల్లాల్లో పళ్లు క్లీనింగ్ చేయించుకుంటున్నారు. నియమం ఒక జిల్లాలో ఉండి పక్క జిల్లాలో లేకపోతే మాకు ఒరిగేది సగమే. ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని కింది కోరికలను పరిశీలించవలసిందిగా ప్రార్థన.

1. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడ దంతవైద్య కుర్చీ ఉంటే అక్కడ, స్కేలింగుకు ముందు పుక్కిలింత తప్పనిసరి అంటూ లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. అది ఎలా చేయాలో కూడా అందులో ఉండాలి, ఎందుకంటే విధానం సరిగా లేకపోతే మందు వృథా అవుతుంది. మావాళ్లు డాక్టరు దగ్గరికి వెళుతున్నామంటే మర్యాదకు అప్పుడే పళ్లు తోముకుని బయలుదేరతారు. టూత్‌పేస్టులో నురుగునిచ్చే పదార్థం నోట్లో మిగిలి ఉంటే క్లోర్‌హెక్సిడిన్ బలం తగ్గిపోతుంది. కాబట్టి ముందు మామూలు నీళ్లతో బాగా పుక్కిలించి ఉమ్మాలి. ఆ తర్వాత 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పది మిల్లీలీటర్లు కొలిచి ఇవ్వాలి, గోడ గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పుక్కిలింపజేయాలి. మందు కాస్త చేదుగా ఉంటుంది, నాలుక రుచి కాసేపు మారుతుంది. ఆ సంగతి ముందే చెబితే ఎవరూ పది సెకన్లకే ఉమ్మేయరు. పళ్లకు మరక పడుతుందేమోనన్న భయం చాలామందికి ఉంది. వారాల తరబడి వాడితే పడవచ్చు గానీ, ఒక్కసారికి పడదని కూడా చెప్పాలి.

అందరికీ ఒకే మందు పనికిరాదు. క్లోర్‌హెక్సిడిన్ పడనివారు అరుదుగా ఉంటారు గానీ ఉంటారు. వాళ్లలో కొందరికి ప్రాణం మీదికి వచ్చేంత అలర్జీ కూడా రావచ్చు. పొవిడోన్ అయొడిన్ ఇచ్చేచోట అయొడిన్ పడనివారినీ, థైరాయిడ్ జబ్బున్నవారినీ, గర్భిణులనూ అడిగి తెలుసుకుని మినహాయించాలి. ఉమ్మడం తెలియని చిన్నపిల్లలకు ఇవ్వనే కూడదు. ఈ నాలుగు ప్రశ్నలు ఓపీ చీటీ వెనక తెలుగులో అచ్చువేస్తే సరిపోతుంది.

2. ఈ మందును రోగి చేత బయట కొనిపించకూడదు. రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చే సరఫరాలోనే, స్కేలింగుల సంఖ్యను బట్టి ఇండెంటు పెట్టి తెప్పించాలి. లెక్క సులువు. ఐదు వందల మిల్లీలీటర్ల సీసా యాభై మందికి వస్తుంది. ఒక కుర్చీలో రోజుకు ఐదు స్కేలింగులు జరిగినా పది పనిదినాలకు ఒక సీసా చాలు. నీళ్లు కలిపి పలుచన చేయకూడదనీ, గడువు తేదీ చూడాలనీ, కాగితపు కప్పు ఒకరికి వాడింది మరొకరికి ఇవ్వకూడదనీ ఉత్తర్వులో ఒక వాక్యం ఉంటే మేలు. ఇది చెప్పాల్సిన మాటేనా అనిపించవచ్చు. చూశాం గనుకనే రాస్తున్నాం.

3. దంతవైద్య శిబిరాల మీద ప్రత్యేక ఉత్తర్వు ఉండాలి. మాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన ఇక్కడే. ఊళ్లోకి శిబిరం వచ్చిందంటే అది మాకు పండుగ లాంటిదే, వచ్చిన వైద్యులకు మేము రుణపడి ఉంటాం. కానీ శిబిరం జరిగేది ఏ కల్యాణ మండపంలోనో, పాఠశాల గదిలోనో. రెండు మడత కుర్చీలు పక్కపక్కనే వేస్తారు. జనం వరుసలో నిలబడక చుట్టూ మూగుతారు. పిల్లలు తలలు దూర్చి చూస్తారు. మేము వెళ్లిన ఒక శిబిరంలో కుర్చీకి నాలుగడుగుల దూరంలో బల్ల మీద మధ్యాహ్నం భోజనాల పొట్లాలు పేర్చి ఉన్నాయి. ఎవరూ కావాలని చేసిన పని కాదు, ఆ గదిలో ఇంకెక్కడా చోటు లేదు. తుంపర కంటికి కనబడి ఉంటే ఎవరో ఒకరు ఆ పొట్లాలను జరిపేవారే.

శిబిరానికి అనుమతి ఇచ్చేటప్పుడే మూడు షరతులు పెట్టాలని కోరుతున్నాం. స్కేలింగు చేయించుకునే ప్రతి ఒక్కరికీ పుక్కిలించే మందు, కొలత కప్పు శిబిరం వారే తేవాలి. స్కేలింగు కుర్చీని గాలి బయటికి పోయే కిటికీ పక్కన, తినే వస్తువులకూ కూర్చునే జనానికీ దూరంగా వేయాలి. ఈ రెండూ వీలుకాని చోట శిబిరంలో పరీక్షలు మాత్రం చేసి, స్కేలింగు అవసరమైనవారికి ఆసుపత్రికి చీటీ రాసి పంపాలి. పరీక్ష చేసి చీటీ ఇచ్చినా అది మాకు సేవే.

4. ప్రైవేటు క్లినిక్కులను కూడా ఈ పరిధిలోకి తేవాలి. మా మండలం వాళ్లలో ఎక్కువమంది వెళ్లేది వాటికే. 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు, రెన్యువల్ జిల్లా వైద్యాధికారి కార్యాలయం ద్వారానే జరుగుతున్నాయి. రెన్యువల్‌కు వచ్చినప్పుడు చూసే జాబితాలో పుక్కిలింత ఏర్పాటును ఒక అంశంగా చేర్చితే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు. వెయిటింగ్ గదిలో ఒక తెలుగు బోర్డు పెట్టించాలి. దాని మీద ఉండవలసిన మాటలు ఇలా ఉంటే బాగుంటుందని మా సూచన:

‘పళ్లు క్లీనింగ్ చేసే ముందు పుక్కిలించడానికి మందు ఇస్తారు. ఇవ్వకపోతే అడగండి. ఏదైనా మందు పడకపోయినా, థైరాయిడ్ ఉన్నా, గర్భిణి అయినా ముందే చెప్పండి. దగ్గు, జ్వరం ఉంటే ఈ రోజు వద్దు, తగ్గాక రండి.’

చివరి వాక్యం ముఖ్యం. రెండు వారాలకు మించి దగ్గుతున్నవారిని ముందు కఫం పరీక్షకు పంపాలి. స్కేలింగు పది రోజులు ఆగితే పోయేదేమీ లేదు.

5. పుక్కిలింతకు తోడుగా, తుంపరను పుట్టినచోటే లాగేసే పెద్ద సక్షన్ పైపును ప్రభుత్వ కుర్చీలన్నిటికీ అమర్చాలి. నోట్లో ఓ మూల వంకీలా తగిలించే సన్న గొట్టం ఉమ్మిని లాగుతుంది గానీ గాలిని లాగలేదు. ఎనిమిది మిల్లీమీటర్లు, అంతకు మించిన వెడల్పు మూతి ఉన్న పెద్ద పైపు వేరు. దాన్ని సరిగా పట్టుకుంటే తుంపరలో తొంభై శాతానికి పైగా లాగగలదని 2004 నాటి ఒక ప్రసిద్ధ సమీక్ష చెప్పింది. అదే సమీక్ష మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలను ఒక అంచెగానూ, పుక్కిలింతను రెండో అంచెగానూ, ఈ పైపును మూడో అంచెగానూ చూడమంది. ఏ అంచె అయినా ఒక్కటే సరిపోదు. పైపుకు బడ్జెట్ కావాలి, కాలం పడుతుంది. పుక్కిలింతకు ఆ రెండూ అక్కర్లేదు, అందుకే దాన్ని మొదట అడిగాం. పైపు వచ్చేదాకా స్కేలింగు గదిలో ఏసీ ఆపి కిటికీ తెరవడం, ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెట్టడం, వీలైనంతవరకు స్కేలింగులను ఆ పూట చివర్లో పెట్టుకోవడం ఈ రోజు నుంచే చేయవచ్చు.

6. కుర్చీలోకి వచ్చే నీటిని పట్టించుకోవాలి. రోగి నోరు ఎంత శుభ్రం చేసినా, స్కేలరు చిమ్మే నీళ్లే చెడ్డవైతే ఫలితం ఉండదు. కుర్చీ లోపలి సన్న గొట్టాల్లో నీళ్లు రాత్రంతా నిలిచి, లోపల జిగురు పొర కట్టి, అందులో క్రిములు పెరుగుతాయి. 2011లో ఇటలీలో 82 ఏళ్ల వృద్ధురాలు దంతవైద్య కుర్చీ నీటిలోని లెజియోనెల్లా వల్ల న్యుమోనియా వచ్చి చనిపోయిన సంగతి ఆ తర్వాతి ఏడాది లాన్సెట్ పత్రికలో వచ్చింది. మా మెట్టలో బోరు నీళ్లు. కింద డెల్టాలో, కొల్లేటి వైపు, వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లే గతి. అవి ఏ ట్యాంకులోంచి ఏ కుర్చీలోకి వెళుతున్నాయో అడిగేవారు లేరు. ఉదయం పని మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు, ఒక రోగికీ మరొక రోగికీ మధ్య కనీసం ఇరవై సెకన్లు నీళ్లు వదిలేయాలనీ, ఏడాదిలో కొన్నిసార్లయినా నీటి నమూనా పరీక్షకు పంపాలనీ ఆదేశించాలి. మిల్లీలీటరుకు ఐదు వందల క్రిములు మించకూడదన్నది అమెరికా రోగ నియంత్రణ సంస్థ పెట్టిన హద్దు. దాన్ని మనమూ వాడుకోవచ్చు.

7. సహాయకుల విషయం. 1948 నాటి దంతవైద్యుల చట్టం వైద్యులనూ, హైజీనిస్టులనూ, మెకానిక్కులనూ నమోదు చేసే ఏర్పాటు చేసింది. కుర్చీ పక్కన నిలబడే సహాయకులకు అందులో చోటు ఇవ్వలేదు. మా ఊళ్లలో ఆ పని చేసేది ఎక్కువగా ఇంటర్ చదివి ఆగిపోయిన ఆడపిల్లలు. వాళ్లకు పని నేర్పేది పనే. రోజంతా తుంపర మధ్యలో ఉండేది వాళ్లే. రోగి అరగంట ఉంటాడు, డాక్టరు గారికి మంచి మాస్కు ఉంటుంది. కనుక ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా సహాయకులందరికీ ముఖానికి అతుక్కునే సరైన మాస్కు, కళ్లద్దాలు యాజమాన్యమే ఇవ్వాలి. మూడు డోసుల హెపటైటిస్-బి టీకా ప్రభుత్వం ఉచితంగా వేయించాలి. భీమవరం, ఏలూరు, రాజమహేంద్రవరాల్లో దంతవైద్య కళాశాలలున్నాయి. వాటి సాయంతో ఏడాదికి ఒక రోజు తెలుగులో శిక్షణ ఇప్పించి, హాజరైనవారికి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ రోజు కూలి కోత పడకూడదు.

8. ఫలితాన్ని మన దగ్గరే కొలవాలి. పరాయి దేశపు లెక్కలు మాకు దారి చూపాయి. మన గదుల్లో, మన ఉక్కలో, మన నీళ్లతో ఎంత తగ్గుతుందో మనమే తెలుసుకోవాలి. ఇది పెద్ద పరిశోధన కానక్కర్లేదు. పోషకం పోసిన గాజు పళ్లేలను రోగి ఛాతీ దగ్గర, సహాయకురాలు నిలబడే చోట, గది మూలన మూత తీసి పెట్టాలి. మందుతో పుక్కిలించిన పది మంది దగ్గర, నీళ్లతో మాత్రమే పుక్కిలించిన పది మంది దగ్గర అదే పని చేయాలి. వాటిని 37 డిగ్రీల వేడిలో రెండు రోజులుంచితే ఒక్కొక్క క్రిమి చుక్కగా పెరిగి కంటికి కనబడుతుంది, లెక్కపెట్టవచ్చు. రాజమహేంద్రవరం ప్రభుత్వ వైద్య కళాశాల సూక్ష్మజీవ శాస్త్ర విభాగానికి ఇది అప్పగించాలని కోరుతున్నాం. పాల్గొనే రోగుల సమ్మతి తీసుకోవాలి, ఫలితాన్ని తెలుగులో ఆసుపత్రి నోటీసు బోర్డు మీద పెట్టాలి. తగ్గుదల మేము అనుకున్నంత లేదని తేలినా పెట్టాలి. అప్పుడు మా కోరికల్లో ఏది మార్చుకోవాలో మేమే వచ్చి మాట్లాడతాం.

9. తాడేపల్లిగూడెం, ఏలూరు మన జిల్లాలో లేవు గనుక, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు తమరు ఈ విషయమై లేఖ రాసి, మూడు జిల్లాల్లో ఒకే విధానం ఉండేలా చూడాలి. వారికి విడిగా విన్నపం ఇవ్వడానికి మేమూ సిద్ధమే. తమ లేఖ తోడుంటే మా మాటకు బలం చేకూరుతుంది.

గడువుల విషయంలో మా ప్రార్థన ఇది. 1, 2, 3 కోరికలకు కొత్త నిధులు దాదాపు అక్కర్లేదు కాబట్టి అరవై రోజుల్లో ఉత్తర్వు వెలువడాలి. 4, 6, 7, 9 వచ్చే ఆరు నెలల్లో అమలులోకి రావాలి. 8వ కోరికలోని పరీక్షను ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లోపు మొదలుపెట్టాలి. పైపులకు సంబంధించిన 5వ కోరికను వచ్చే ఆర్థిక సంవత్సరం ప్రతిపాదనల్లో చేర్చాలి. ఏదైనా కోరిక సాధ్యం కాదనిపిస్తే ఎందుకు కాదో రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆ అడ్డంకి తీరే దారిని మేమూ వెతుకుతాం.

జిల్లా వైద్యాధికారి గారు పిలిస్తే, లైటు గాజు సంగతి చెప్పిన సహాయకురాలితో సహా మాలో ఐదుగురం ఏ సోమవారమైనా రాజమహేంద్రవరం వచ్చి వివరాలు చెప్పగలం. ఆమెకు ఆ రోజు సెలవు ఇస్తామని ఆమె పనిచేసే డాక్టరు గారు ఇప్పటికే ఒప్పుకున్నారు. ఈ పత్రం చదివి ఆయన కూడా సంతకం చేశారు.

ఇట్లు,
నల్లజర్ల మండల గ్రామాల ప్రజలు, దంతవైద్యశాలల సహాయకులు.

జతపరిచినవి: గ్రామాల వారీగా సంతకాలు, వేలిముద్రలు, ఓపీ చీటీ వెనక అచ్చువేయడానికి నాలుగు ప్రశ్నల నమూనా, వెయిటింగ్ గది బోర్డు నమూనా.